మగ్గం గుంత మీద రేకు లైటు

ఈ లైటు సంగతి నేను మొదట చెప్పినప్పుడు మా కొత్త మగ్గాల షెడ్డుకు ఇంకా పైకప్పు పడలేదు. తర్వాత కప్పు పడింది, పాలు పొంగించారు, మగ్గాలు దించారు, ఎన్నో చీరలు నేసి కోసి పంపించాం. నా మాట మాత్రం చెప్పిన చోటే ఉండిపోయింది. ఇంట్లో చెప్పాను. అంగట్లో చెప్పాను. కరెంటు పనిచేసే మనిషికి చెప్పాను. ఒక పెళ్లి పంక్తిలో పక్కన కూర్చున్న వాళ్లకు కూడా చెప్పాను, వాళ్లు పప్పు వడ్డించమని అవతలికి తిరిగారు. అందరూ విన్నారు, ఒక్కరూ బదులివ్వలేదు. అందుకే పత్రికకు రాస్తున్నాను. కాగితం మధ్యలో లేచి ఫోను మాట్లాడుకుంటూ బయటికి పోదు.

మాది ధర్మవరం. పట్టు నేసే ఇల్లు. నాయన పోయాక ఇంటి పెత్తనం అన్న చేతికి వచ్చింది. ఆయన మగ్గం వదిలి చీరల వ్యాపారం చూసుకుంటాడు. నేసేది నేనూ నా భార్యా. వంట ఒకటే, సంపాదన ఒకటే, ఇంటికి ఏ వస్తువు రావాలన్నా ఆయన మాట మీదే రావాలి. దాని మీద నాకు పేచీ లేదు. ఆయనంత బాగా బేరం చేయడం నాకు రాదని నాకూ తెలుసు. పేచీ అంతా లైటు దగ్గరే.

అనంతపురం సీమ అంటే బయటివాళ్లకు ఎండిన చెరువులు, బీడుపడిన వేరుశనగ చేన్లు గుర్తొస్తాయి. ఇక్కడ చెమ్మ అనే మాటే ఉండదనుకుంటారు. మగ్గం ఉన్న ఇంట్లోకి వచ్చి చూస్తే తెలుస్తుంది. పట్టుకు పొడిగాలి పడదు. ఎండాకాలం గాలి తోలిందంటే మగ్గం మీద సాగదీసిన పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగుతాయి. అందుకని నేల మీద నీళ్లు చల్లుతాం. కిటికీలకు తడిపిన గోనెపట్టలు వేలాడదీస్తాం. మావి గుంత మగ్గాలు. నేసే మనిషి నేల అంచున కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కాలి. మేము చల్లిన నీళ్లన్నీ చివరికి ఆ గుంతలోకే దిగుతాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. మగ్గం దగ్గరికి చెప్పులతో ఎవరూ పోరు. అది మాకు దేవుడి గదితో సమానం. కాబట్టి నేసేవాళ్ల కాళ్లు ఎప్పుడూ ఉత్తవే, ఎప్పుడూ తడి నేల మీదే. తెగిన పోగు అతకడానికి వేళ్లు తడుపుకుంటారు. కళ్ల ముందు జరీ ఉంటుంది, జరీ అంటే లోహమే. పోగు కనపడాలి కాబట్టి లైటు తలకు జానెడు పైన వేలాడుతుంది, నేత ముందుకు జరిగే కొద్దీ దాన్ని చేత్తో అటూ ఇటూ జరుపుకుంటూ ఉండాలి. ఇవన్నీ ఒక్క చోట చేరినప్పుడు అక్కడ ఎట్లాంటి లైటు పెట్టాలో కాస్త ఆలోచించాలా వద్దా? నేను అడిగింది ఇంతే.

షెడ్డుకు లైట్లు కొనడానికి అన్న అనంతపురం బయలుదేరాడు. నన్ను రమ్మనలేదు. నేనే పోయి బండి వెనక కూర్చున్నాను. అంగడి పెద్దది. పైకప్పు నిండా వెలుగుతున్న లైట్లు, కింద నిలబడితే ముఖానికి వేడి తగిలేది. తడిగా ఉండే చోటికి కావాలని నేను అడిగితే అంగడాయన తెల్లటి, పొడుగాటి పెట్టె లాంటిది తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చుట్టూ రబ్బరు ఉండాది చూడన్నా. క్లిప్పులు బిగిస్తే లోపలికి నీళ్లు పోవు, దుమ్ము పోదు. బాడీ అంతా ప్లాస్టిక్కే. చేతికి రేకు ముక్క తగల్దు."

అన్న దాన్ని తిరగేసి చూశాడు. "ఇదేమప్పా, సద్ది డబ్బా మాదిరి ఉండాది."

"సద్ది డబ్బా అయితే ఏమన్నా, నీళ్లు పోవు కదా," అన్నాను.

"నీళ్లు యాడివిరా? ఈడ వాన పడి ఎన్నాళ్లాయ? వానకు తడవని లైట్లు మంగళూరులో అమ్ముకోమను."

అంగడాయన నవ్వాడు. సరుకు చూపించింది ఆయనే, నవ్వింది కూడా ఆయనే. ఆ నవ్వు నాకు ఇంకా గుర్తుంది. అయినా నేను అడిగితే వివరం చెప్పాడు, ఆ మేరకు ఆయనకు న్యాయం చేయాలి. పెట్టె పక్కన రెండంకెల సంఖ్య ఒకటి ఉంటుందట. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. అంకె పెద్దదయ్యే కొద్దీ లైటు గట్టిది. చూరు కింద జల్లు తగిలే చోటికి నలభై నాలుగున్నా సరిపోతుంది, దుమ్మూ నీళ్లూ రెండూ గట్టిగా ఉన్న చోటికి అరవై ఐదు తీసుకోమన్నాడు. అన్న ఏరుకున్న లైటు పెట్టెను నేను అన్ని వైపులా తిప్పి చూశాను. అది గిన్నె బోర్లించినట్టుండే రేకు లైటు, కింద అంతా ఖాళీ. దాని మీద అంకెలేవీ లేవు. గది లోపల వాడకానికి మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉంది. అది అన్నకు చదివి వినిపించాను.

"మరి షెడ్డు యాడుండాది? లోపలే కదా?" అన్నాడు అన్న.

"లోపలే గానీ తడి కదన్నా."

"లోపల అని రాసినాడా లేదా? మనం పెట్టేది లోపలే. ఇంగేమి?" అని అంగడాయన వైపు తిరిగాడు. "మా తమ్మునికి భయం శానాప్పా. చిన్నప్పుడు బ్యాటరీ లైటు కూడా ముట్టేవాడు కాదు."

నేను ముట్టేవాణ్ణి. మా వీధిలో బ్యాటరీ లైటు విప్పి సెల్లులు మార్చింది నేనే. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఆ మాట ఎందుకనాలి?

మగ్గాలకు రేకు లైట్లు వచ్చాయి. వాకిట్లో గేటు స్తంభానికి బంగారు రంగు లాంతరు వచ్చింది, అద్దాల మధ్య సందులున్నది. ఇంటికి రాగానే అన్న అంగడి కథంతా వదినకు, పిల్లలకు చెప్పాడు. ఆ రోజు నుంచి పిల్లలు నన్ను 'వాటర్‌ప్రూఫ్ చిన్నాయన' అంటున్నారు. చిన్నపిల్లలు, వాళ్ల మీద నాకు కోపం లేదు. నేర్పించినవాళ్ల మీద ఉంది.

ఆ లాంతరు ముచ్చట కూడా చెప్పి పక్కన పెడతాను. వచ్చిన నెలకే దాంట్లో దుమ్ము, పురుగులు నిండి వెలుగు ఎర్రబారింది. ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. మా దగ్గర వాన వస్తే అడ్డంగానే వస్తుంది. పొద్దున చూస్తే లాంతరు అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. ఊరి చెరువులో లేని నీళ్లు మా లాంతరులో ఉన్నాయి. ఆ వారంలోనే అన్న దాన్ని మార్పించాడు. మళ్లీ అదే అంగడి, అదే బంగారు రంగు.

లైట్లు బిగించడానికి వచ్చింది వదిన తరఫు చుట్టం. పని తెలిసినవాడే. మీటరు దగ్గర వాకిట్లో గుంత తవ్వి, కడ్డీ దించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు పెట్టాడు. పోతూ పోతూ, "మామా, వారానికొక తూరి దీంట్లో బిందెడు నీళ్లు పోయండి. ఎండిపోతే ఎర్తు ఉండీ లేనట్టే," అన్నాడు. నేను విన్నాను. అన్న కూడా అక్కడే ఉన్నాడు.

ఆ తర్వాత వాకిట్లో తాడిపత్రి బండలు పరిపించారు. ఎర్తు గుంత మీద కంత వదలాలా అని బండలు పరిచే మేస్త్రీ అడిగాడు.

"వాకిలి నడిమధ్య కంత ఏంటికి? మూసేయ్," అన్నాడు అన్న.

"వద్దన్నా, దాంట్లో నీళ్లు పోయాల," అన్నాను.

"తాగే నీళ్లకే ట్యాంకరు కోసం కాచుకుంటాండాం. నువ్వు భూమికి పోస్తానంటావా?"

"మగ్గం కాడ పోస్తాండాం కదా?"

"పట్టుకు పోస్తే చీర వస్తాది. భూమికి పోస్తే ఏమొస్తాదిరా?"

మేస్త్రీ బండ జరిపి, సందుల్లో సిమెంటు పూసేశాడు. ఆయనకు బదులు నాకు ఆ పూట దాటాక తోచింది. అప్పటికి వినేవాళ్లు దొరకలేదు. ఆ బదులు ఇక్కడ రాస్తాను. లైటు లోపల తీగ దెబ్బతిని కరెంటు రేకు మీదికి వస్తే, అది ఎర్తు తీగలోంచి భూమిలోకి పోవాలి. భూమి తడిగా ఉంటే మేలు. పొడిగా ఉంటే ఆ దారి సరిగా ఉండదు. అప్పుడు తడి నేల మీద కాళ్లు పెట్టుకుని రేకును ముట్టుకున్న మనిషే దానికి దారి. మేము నీళ్లు మనిషి కాళ్ల కింద పోస్తున్నాం, ఎర్తు గుంతలో పోయడం లేదు. నీళ్ల కరువు ఉన్న ఊరు కాబట్టే ఈ తప్పు ఎవరికీ తప్పుగా కనపడలేదు.

అదే చుట్టం బోర్డులో ఇంకో చిన్న డబ్బా కూడా పెట్టాడు. కరెంటు ఎక్కడైనా పక్కదారి పడితే దాని మీట వెంటనే కిందికి పడిపోయి లైన్ ఆపేస్తుంది. చలికాలమంతా కుదురుగా ఉంది. ఎండలు ముదిరి, మేము గోనెపట్టలు తడపడం మొదలుపెట్టాక పడిపోవడం మొదలైంది. పైకి లేపితే కాసేపు ఉంటుంది, మళ్లీ పడుతుంది. పని సాగడం లేదని అన్న చుట్టాన్ని పిలిపించి దాన్ని తీసేయమన్నాడు.

"అది ఊరికే పడదన్నా. యాడనో కారుతాంది, అదే చెప్తాంది," అన్నాను.

"అది కూడా నీ మాదిరే. పని లేక అరుస్తాది."

అందరూ నవ్వారు. చుట్టం కూడా నవ్వుతూనే దాన్ని పీకి, తీగలు నేరుగా కలిపేశాడు. ఆ డబ్బాకూ నాకూ ఒకే మర్యాద దక్కింది. నేను బోర్డులో బిగించిన వస్తువును కాదు కాబట్టి పీకలేకపోయారు.

ఇంతవరకు జరిగినవి నాకు జరిగిన అవమానాలు, వాటిని నేను మోసుకోగలను. తర్వాతది అట్లాంటిది కాదు.

ఒక పొద్దున ఇద్దరం నేస్తున్నాం. నా భార్య మగ్గం షెడ్డు గడప పక్కన, నాది లోపలి గోడ దగ్గర. ఆమె చెయ్యి ఆపకుండా, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది: "ఈ లైటు జివ్వుమంటాది."

నేను నేత ఆపాను. "ఎప్పటినుంచి?"

"కొన్నాళ్లుగా. తడి చేత్తో పట్టుకుంటేనే. గుడ్డతో పట్టుకుంటే ఏం లేదులే."

తిరిగి చూస్తే రేకు అంచుకు పాత చీర పేలిక చుట్టి ఉంది. అది ఎప్పుడు చుట్టిందో నేను గమనించలేదు. నాకు చెబితే నేను అన్నతో గొడవ పడతానని చెప్పలేదట. కరెంటు తగులుతున్నదానికంటే మా గొడవకే ఆమె ఎక్కువ భయపడింది. లేచి మెయిన్ ఆపేశాను. ఆమె గుంతలోంచి కాళ్లు బయటికి తీసి, చీర చెంగుతో తుడుచుకుని, "ఇప్పుడేమైందని?" అంది.

అన్నను పిలిచాను. వచ్చాడు. తానే మెయిన్ వేసి, షెడ్డు గడప అవతలే నిలబడి, నేను వద్దంటున్నా వినకుండా చెయ్యి చాపి రేకు ముట్టుకున్నాడు.

"ఏదిరా? నాకేం తగల్లేదే!"

"నీ కాళ్లకు చెప్పులుండాయి. పొడి బండ మీద నిలబడుండావు. నీ మరదలు తడి గుంతలో ఉత్త కాళ్లతో కూచుంటాది."

అన్న తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఇన్నాళ్లకు నా మాట చెవికెక్కిందని అనుకున్నాను.

"అయితే ఆయమ్మను కూడా చెప్పులేసుకోమను," అన్నాడు.

"అయ్యో బావా! మగ్గం కాడ చెప్పులా?" అని నా భార్య లెంపలేసుకుంది.

ఆ మాటకు వదిన లోపలి నుంచి వచ్చింది. "మీకు మతి ఉండాదా? లచ్చిమి ఉండే చోట చెప్పులంటారా?" అని మొగుణ్ణి పట్టుకుంది. పక్కింటి ముసలామె గోడ మీదుగా తల పెట్టి, తమ అత్తగారింట్లో ఎవరో చెప్పులతో మగ్గం తొక్కితే ఏం జరిగిందో చెప్పసాగింది. రబ్బరు చెప్పులైతే పరవాలేదా, తోలువే తప్పా అని వాకిట్లో చర్చ నడిచింది. అన్న తప్పు ఒప్పుకుని మగ్గానికి దణ్ణం పెట్టాడు. వదిన కొబ్బరికాయ కొట్టించింది. అందరికీ తలా ఒక కొబ్బరి ముక్క అందింది. ఆ ముక్క నములుతూ నేను మళ్లీ లైటు సంగతి ఎత్తితే, "ఇంగా అదేనా నీకు?" అన్నాడు అన్న. మా ఇంట్లో ఆ రోజు చెప్పుల సంగతి తేలింది. లైటు సంగతి తేలలేదు.

నేను షెడ్డు లైన్ ఫ్యూజు తీసి దాచాను. అప్పటినుంచి ఇద్దరం కిటికీ వెలుతురులోనే నేస్తున్నాం. అంగడాయన చూపించిన ఆ సద్ది డబ్బా లైటు ఒకటి నేనే పోయి కొనుక్కొచ్చాను. అరవై ఐదు అంకె ఉన్నదే. చుట్టాన్ని బిగించమంటే, "అన్నతో ఒక మాట చెప్పించు చిన్నమామా," అన్నాడు. వేరే మనిషిని తెచ్చాను. అతను బోర్డు చూశాడు, వాకిట్లో బండలు చూశాడు. "లైటు మంచిదేనన్నా. అది మార్చినంత మాత్రాన అయిపోదు. ఎర్తు తెరవల్ల, ఆ ట్రిప్పు డబ్బా మళ్లీ పెట్టల్ల, తీగ యాడ దెబ్బతినిందో చూడల్ల. అట్ల కాకుంటే నేను చెయ్యి పెట్టను. ఇంటి పెద్దాయన బండ లేపమంటే ఫోన్ చెయ్యి, వస్తా," అని వెళ్లిపోయాడు. నేనే గడ్డపార తీసుకుని బండ లేపవచ్చు. కానీ నాకు కరెంటు పని రాదు, రాని పనిలో వేలు పెట్టి ఇంకొకరి ప్రాణం మీదికి తేలేను. అన్న సరే అనాలి. అన్నను అడిగితే 'చూద్దాం' అన్నాడు. పెళ్లిసంబంధం నచ్చనప్పుడు, అప్పు ఇవ్వడం ఇష్టం లేనప్పుడు ఆయన అనే చూద్దాం అదే.

ఇప్పుడు మగ్గం మీద ఉన్నది ఒక పెళ్లికూతురి చీర. శ్రావణానికి దిగాలి. మధ్యాహ్నం దాటితే మబ్బులు వస్తున్నాయి. వాన పడదు గానీ కిటికీ వెలుతురు మాత్రం పోతుంది. పని వెనకబడింది, నిజమే. అన్న చెబుతున్నది అబద్ధం కాదు.

ఈ రోజు పొద్దున ఆయన నాతో మాట్లాడలేదు. నా భార్యతో మాట్లాడాడు.

"ఏమ్మా, వాడు ఆ ఫ్యూజు యాడ పెట్టినాడో వెతికి బోర్డులో పెట్టు. ఈ ఒక్క చీర దిగేంత వరకు ఓర్చుకో. తర్వాత చూద్దాం."

"సరే బావా," అంది ఆమె. పెద్దవాళ్లకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఆయన వెళ్లాక నా దగ్గరికి వచ్చి, "యాడ పెట్టినావు? ఇచ్చెయ్. గుడ్డ ఇంగో చుట్టు చుట్టుకుంటాలే," అంది.

"గుడ్డ తడిస్తే?"

"తడవకుండా చూసుకుంటా."

కిటికీకి గోనెపట్ట తడిపేది ఆమే, వేళ్లు తడుపుకుని పోగు అతికేది ఆమే, నేల మీద నీళ్లు చల్లేది ఆమే. గుడ్డ ఒక్కటి తడవకుండా ఎట్లా చూసుకుంటుంది? ఆమె నమ్మి అన్నదో, ఇంట్లో మాట పెరగకూడదని అన్నదో నాకు తెలియదు. ఫ్యూజు ఇవ్వలేదు. ఆమె పోయి వెలుతురు ఉన్నంత వరకు నేసింది.

అన్నా, నువ్వు తెలుగు దినపత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతావు. దాంట్లో ఇది పడితే ఇది కూడా చదువుతావు. నన్ను పిరికివాడన్నావు, పిల్లలతో పేరు పెట్టించావు, పని లేక అరుస్తానన్నావు. వాటికి బదులు తర్వాత అడుగుతాను, మరిచిపోను. ఇప్పుడు అడిగేది వేరే. ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునేది నీ మరదలు. ఎర్తు మీది బండ లేపిస్తావా, లేపించవా? చూద్దాం అనద్దు. ఇది చదివిన పూటే, నా ముఖం చూసి, అవునని గానీ కాదని గానీ చెప్పు.